పట్టా లేని జాగా

జోగారావు కళ్ళు తెరిచి ఇరవై రెండు నిమిషాలు దాటింది. ఇంకా మాట రాలేదు. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్న వకుళ ఫోన్‌లో అంకెలు దొర్లడం చూస్తూ ఆవలింత ఆపుకుంది. మర్రిపాలెం ఎప్పుడో మేలుకుంది. పాల ప్యాకెట్లు వచ్చేశాయి. పక్కింటి మిక్సీ ఒక విడత తిరిగి ఆగింది. ఎదురింటి పిల్లలు బడి బస్సు ఎక్కేశారు. ఊరంతా లేచి పనుల్లో పడ్డాక కూడా లేవడం పూర్తికాని మనిషి ఆ వీధిలో ఈయనొక్కడే.

ఇరవై మూడో నిమిషం దాటాక కుడిచేతి వేళ్ళు కదిలాయి. తర్వాత పెదవులు.

"ఎంత?" అన్నాడు.

"ఇరవై మూడు నిమిషాల పది సెకన్లు."

"మొన్న ఇరవై మూడు లోపే కదా. లేటు పెరుగుతోంది."

ఒకప్పుడు కొత్తవలస నుంచి అరకు కొండల మీదుగా గూడ్సు బళ్ళు నడిపిన డ్రైవరు ఆయన, ఇప్పుడు రైల్వే ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. లేటు అనే మాట ఆయన నోట తిట్టులాగే వినిపిస్తుంది. లేచి, భార్య వంక చూడకుండా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

వకుళ ఆ అంకె నోటుబుక్కులో రాసుకుంది. హద్దు ముప్ఫై నిమిషాలు. అది దాటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆస్పత్రిలో పదహారు రోజులుగా పడి ఉన్న రెండో నంబరు రోగిని వారానికి రెండుసార్లు చూసి వస్తోంది. ఆయన పొద్దున్న లేవడం మొదలుపెడతాడు. ముప్ఫై నిమిషాల్లో పూర్తిగా లేవకపోతే, ఏదో తేడా వచ్చిందనుకుని తలలోని పరికరం తనను తానే ఆపుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. మళ్ళీ ముప్ఫై నిమిషాలు. మళ్ళీ మొదలు. కళ్ళు మాత్రం తెరిచే ఉంటాయి.

ఆ పరికరం పేరు సేతువు. ఎడమ చెవి వెనక, ఎముక కింద, చింతగింజంత ఉంటుంది. పక్షవాతం వచ్చి మెదడులో తెగిపోయిన దారులకు అది వంతెన వేస్తుంది. రాత్రి తలగడలోంచి చార్జి ఎక్కుతున్నంతసేపూ నిద్రపోయి, తెల్లవారితే మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న ఒక ప్రయోగశాలలో పన్నెండేళ్ళ కిందట దాన్ని తయారుచేశారు. ముప్ఫై ఒక్కమందికి అమర్చారు. ఏడో నంబరు జోగారావు.

దాని లోపల తొలి నిమిషానికి పనిచేసే ప్రోగ్రాం రాసింది వకుళే. సేతువు లేవగానే దానికి తన మెమరీలో గదులెన్నో, ఏ గది ఎవరిదో తెలియదు. ఆ లెక్కలు చూసే పెద్ద ప్రోగ్రాం, అంటే అధికారి, ఇంకా నిద్రలో ఉంటాడు. తీరా ఆ అధికారిని లేపాలన్నా కొంత జాగా కావాలి. అందుకని అధికారి లేచేదాకా తన ప్రోగ్రాంను తాత్కాలిక గుమాస్తాగా కూర్చోబెట్టింది. గుమాస్తా చేతిలో ఒకటే కాగితం. గదికి ఒక గడి. గడిలో చుక్క ఉంటే గది నిండినట్టు, లేకపోతే ఖాళీ. ఎవరు నింపారో రాసే అలవాటు లేదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకున్నట్టే అనుకోండి. కర్చీఫ్ ఉందని తెలుస్తుంది గానీ ఎవరిదో తెలియదు.

ఆ రోజుల్లో అది చాలనుకున్నారు. లేవడానికి నలభై సెకన్లు పట్టేది. నలభై సెకన్లు ఇరవై మూడు నిమిషాలు ఎందుకయ్యాయో పట్టుకోవడానికి వకుళకు మూడు నెలలు పట్టింది.

ఒక్కో చుక్కా తీసుకుని ఇది ఎవరి కర్చీఫ్ అని వెతుక్కుంటూ పోయింది. పాత ఇంజనీర్లకు ఫోన్లు చేసింది. ఒకాయన రిటైరై మొక్కలు పెంచుకుంటున్నాడు. "అది నాదేనమ్మా, కానీ ఎందుకడిగానో గుర్తులేదు," అన్నాడు. అలా ఒక్కొక్కటీ తేల్చుకుంటూ పోతే చివరికి అరవై ఒక్క జాగా ముక్కలు మిగిలాయి. వాటికి చుక్కలున్నాయి. యజమాని లేడు.

కారణం తెలిశాక ఆమెకు నవ్వు వచ్చింది, తర్వాత నీరసం వచ్చింది. అప్పటి డైరెక్టరు కామేశం గారు ఎవరు ఎంత జాగా అడిగినా సగానికి కోసేవారు. పూర్ణామార్కెట్లో వంకాయల బేరం ఆడినట్టే. ఆయన సంగతి తెలిసి అందరూ రెట్టింపు అడిగేవారు. వకుళా అడిగింది. సరిగ్గా మొదటి ఆపరేషనుకు నెల ముందు ఆయనకు పచ్చకామెర్లు వచ్చి మంచాన పడ్డారు. ఆయన కుర్చీలో కూర్చున్న శేషగిరి, పెద్దాయన లేనప్పుడు తాను కోస్తే బాగుండదని, అడిగినవాళ్ళకు అడిగినంతా ఇచ్చేశాడు. ఎవరికీ అక్కర్లేని ఆ రెండో సగం చుక్కలు పెట్టించుకుని అలాగే ఉండిపోయింది. సేతువు పొద్దున్నే యజమాని ఉన్న గదులన్నీ ఊడ్చేస్తుంది. యజమాని లేని గదిని ఊడవడానికి ఎవరూ రారు.

ఊరి చివర పోరంబోకు జాగా ఊరికే పడి ఉంటే ఏమవుతుందో మనకు తెలుసు. గుడిసెలు లేస్తాయి. ఇక్కడా అంతే. పొద్దున్నే తుడిచిపెట్టుకుపోని చోటు ఒకటుందని రోగుల మెదళ్ళు కనిపెట్టాయి. పన్నెండేళ్ళుగా అక్కడ తమవి దాచుకుంటూ వచ్చాయి. గుమాస్తా ఆ ముక్కల దగ్గరికి రాగానే ఇదెవరిదని తడుముకుని, దాటుకుని, మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెడతాడు. దాచుకున్నది పెరిగేకొద్దీ ఆలస్యం పెరిగింది.

"గుమాస్తాను మార్చేద్దాం," అంది వకుళ. శేషగిరి ఇప్పుడు డైరెక్టరు. చేసిన తప్పు గుర్తొచ్చిందో ఏమో, ఆ రోజు ఆయన అన్నిటికీ తలూపాడు.

కొత్త గుమాస్తా చేతిలో చుక్కల కాగితం ఉండదు. చిట్టా ఉంటుంది. ఏ జాగా ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు, యజమాని ఎవరు, ఒక వరుసలో రాసి ఉంటుంది. వెతుకులాట లేదు, సెకనులో లేచిపోవచ్చు. చిట్టాలో లేనిదంతా ఖాళీ కిందే లెక్క, ఊడ్చేస్తారు. చిక్కల్లా చిట్టాలో నూట ఇరవై ఎనిమిది వరుసలే పడతాయి. దాన్ని పెద్దది చేయాలంటే జాగా కావాలి, జాగా ఇవ్వాలంటే ముందు చిట్టా కావాలి. ఆ కొలత చిప్పులో చెక్కేశారు, మార్చలేరు. పరికరం మార్చాలంటే తల తెరవాలి, పన్నెండేళ్ళ మచ్చలు చూసి సర్జన్లు చేతులెత్తేశారు. ముక్కలను జరిపి ఒకచోట చేర్చుదామంటే నాడులకు పాత చోటే తెలుసు, కొత్త చోటికి దారి తెలియదు.

సేతువు సొంత అవసరాలను కుదించి కుదించి నూట పదమూడు వరుసల్లో ఇరికించింది వకుళ. మిగిలినవి పదిహేను. దాచుకున్నవి అరవై ఒకటి.

ఈ మాట ఇంట్లో చెప్పిన రోజు జోగారావు టీవీ కట్టేశాడు. తర్వాత, "ఏ ముక్కలో ఏముందో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"రోజుకొకటి కప్పి లేపుతాను. ఆ రోజు మీలో ఏది కనబడకపోతే అది ఆ ముక్కలో ఉన్నట్టు. మర్నాడు తీసేస్తే మళ్ళీ వస్తుంది."

"రాసుకునేదెవరు?"

"నేనే."

"ఏది ఉంచాలో చెప్పేది?"

"మీరే. నేను రాసింది చూసి మీరే చెప్పాలి."

ఆయన తల ఊపాడు. మాటలు అక్కడితో అయిపోయాయి. ఆ ఇంట్లో మాటలెప్పుడూ అక్కడితోనే అయిపోతాయి. ఉప్పు తెచ్చావా, గ్యాసు వచ్చిందా, కరెంటు బిల్లు కట్టేశాను. పన్నెండేళ్ళుగా అంతే.

అరవై ఒక్క పొద్దులు. వకుళ ఉదయం నాలుగున్నరకు లేచి ఆ రోజు ముక్కను కప్పి, స్టూలు మీద కూర్చుని గడియారం చూసి, ఆయన లేచాక వంట చేసి, బస్సెక్కి గుట్ట మీదికి వెళ్ళి, మిగిలిన రోగుల ఇళ్ళ నుంచి వచ్చే రాతలు చదివి, సాయంత్రం మళ్ళీ ఇంటికి వచ్చి ఆయన్ని ప్రశ్నలడిగేది. నలభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు. మోకాళ్ళు స్టూలు మీద నుంచి లేవడానికి మొరాయించేవి.

మూడో ముక్క కప్పిన రోజు మామిడిపండు ముక్కు దగ్గర పెట్టుకుని ఇది పండిందా కాయా అని అడిగాడు. తొమ్మిదోది కప్పిన రోజు ఈల వేయబోతే గాలి వచ్చింది. పదిహేడోది కప్పిన రోజు మెట్లు దిగడానికి భయపడి గోడ పట్టుకున్నాడు. ఇరవై రెండోది కప్పిన రోజు కొండ దారిలో సొరంగాలు వరసగా ఏవేవో చెప్పలేకపోయాడు. రోజూ స్నానం చేస్తూ మంత్రంలా చదువుకునేవాడు వాటిని. కొత్తవలస వైపు నుంచి మొదలుపెట్టి ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ హారన్ కొట్టాలో. ఆ రోజు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది. చాలా రోజులు మాత్రం ఏ తేడా తెలిసేది కాదు. వకుళ 'తేడా లేదు' అని రాసేది. సాయంత్రం ఆయన చూసి, "తీసెయ్," అనేవాడు.

నలభై ఒకటో ముక్క కప్పింది ఒక ఆదివారం. లేవడానికి ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. మాట రాగానే ఆయన ఎంత అని అడగలేదు.

"రాత్రి నిద్రపోయావా నువ్వు? కళ్ళు చూడు, ఎలా ఉన్నాయో," అన్నాడు.

వకుళ చేతిలో ఫోన్ జారి ఒళ్ళో పడింది.

ఆ రోజు ఆయన వంటింట్లోకి వచ్చి, నువ్వు కూర్చో అని తనే ఉప్మా చేశాడు. అడుగంటింది. అడుగంటిన ముక్క తను వేసుకుని పైది ఆమెకు పెట్టాడు. తన ఆఫీసులో కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు ఫైలు మీద సంతకం పెట్టబోయి టీ బిల్లు మీద పెట్టిన సంగతి చెప్పి తనే పగలబడి నవ్వాడు. మధ్యాహ్నం ఆమె గిన్నెలు కడుగుతుంటే వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి అలా నిలబడ్డాడు. వకుళ కుళాయి కట్టడం మరిచిపోయింది. ఆమెకు ఏడవాలనిపించింది, ఏడిస్తే ఎందుకని అడుగుతాడని ఊరుకుంది.

సాయంత్రం ఉండబట్టలేక అడిగింది. "ఆ రోజు ఆస్పత్రిలో మీరు మంచం మీద మూడుసార్లు చెయ్యి కొట్టారు. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? వద్దన్నాను."

"మీరు సరే అన్నారని నేను డాక్టరుతో చెప్పాను."

"చెప్పావు. అయితే ఏమైందిప్పుడు? బతికే ఉన్నాను కదా," అని టీవీ ఛానెలు మార్చాడు.

పన్నెండేళ్ళ కిందటి మాట అది. మొదటి ఆరుగురిలో ఇద్దరు బల్ల మీదే పోయారని జోగారావుకు తెలుసు. వకుళే రోజూ ఇంటికొచ్చి చెప్పేది. పక్షవాతం వచ్చి నోరు పడిపోయి, ఎడమచెయ్యి ఒక్కటే కదులుతున్న మనిషి, ఆ చేత్తో మూడుసార్లు మంచం మీద కొట్టి తల అడ్డంగా ఊపాడు. ఎవరెవరు ఎన్ని చెప్పినా తన బండి బ్రేకు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి ఆయన. వకుళకు భర్త కావాలి. ప్రయోగశాలకు ఏడో రోగి కావాలి. రెండూ ఒకటేనని తనకు తాను నచ్చజెప్పుకుని కాగితం మీద సంతకం పెట్టింది. ఆపరేషను తర్వాత నెలకు ఆయనకు మాట వచ్చింది. వచ్చిన మాటల్లో ఒక్కటీ ఆమెతో ప్రేమగా అనలేదు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కు తెరిచి, '41' అని రాసి, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. 'తేడా లేదు' అని రాసింది.

మర్నాడు ముక్క మీద కప్పు తీసేసింది. ఆయన లేచి, "ఎంత?" అన్నాడు. చెప్పింది. తువ్వాలు అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "నిన్నటిది ఏం రాశావు?" అన్నాడు.

"తేడా లేదు."

ఆయన ఆమె వంక చూశాడు. "ఊఁ," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

తప్పు చేసినవాళ్ళకు ఊళ్ళో అందరి తప్పులూ కనబడతాయి. ఆ వారం నుంచి ఇళ్ళ నుంచి వచ్చే రాతలు వకుళకు వేరేగా కనిపించసాగాయి. ఒకాయన పదకొండో ముక్క తీసేయమని రాశాడు. అది కప్పిన రోజు మామగారు రాజకీయాలు మాట్లాడలేదట. ఒకావిడ ముప్ఫయ్యోది తీసేయమంది. భర్త అర్ధగంటకోసారి తన పాత స్నేహితులకు ఫోన్లు చేయడం మానేశాడట. రాసినవాళ్ళంతా అలసిపోయినవాళ్ళే. పన్నెండేళ్ళుగా చాకిరీ చేసి ఒక్కరోజు సుఖం రుచి చూసినవాళ్ళే. వాళ్ళను తిట్టడానికి వకుళకు నోరు రాలేదు.

"రోగులను అడిగితే తెమలదు," అన్నాడు శేషగిరి. "ఏం పోయిందో పోయినవాడికెలా తెలుస్తుందమ్మా? ఇంట్లోవాళ్ళ సంతకం చాలు. ఫారం తయారుచేయిస్తున్నాను."

వకుళ సరే అంది. కాదనడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

మరుసటి వారం శుక్రవారం జాలారిపేట నుంచి సన్యాసమ్మను తీసుకుని ఆమె కొడుకు పోలిరాజు వచ్చాడు. పంతొమ్మిదో నంబరు రోగి. డెబ్బై దాటిన మనిషి, నలభై ఏళ్ళు తలమీద చేపల బుట్ట మోసింది. పోలిరాజు ఫారం నింపి తెచ్చాడు. ఇరవై మూడో ముక్క తీసేయాలని రాసి కింద రెండు గీతలు గీశాడు.

"అది కప్పిన్నాడు ఇల్లు ఎంత సల్లగా ఉందో సెప్పలేనండి మేడమ్. మా ఆవిడితో ఒక్క గొడవ నేదు. పెట్టింది తిన్నాది. ఏటనకుండా పడుకుంది," అన్నాడు. అని, అలసటగా నవ్వి, ఫోన్ వస్తే మాట్లాడటానికి బయటికి వెళ్ళాడు.

సన్యాసమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"డాక్టరమ్మా, మొన్న నువ్వేటి కప్పించినావో నాకు తెల్దు గానీ, ఆ రోజు మా కోడలు పులుసులో ఉప్పెయ్యడం మరిసిపోనాది. నాను తిన్నాను."

"తింటే మంచిదే కదమ్మా."

"ఉప్పు నేదని నాకు తెలుసు. తెలిసే తిన్నాను. బాగుందే అని కూడా అన్నాను. మర్నాడు లెగిసినాక అదంతా గేపకం వచ్చింది. సిగ్గేసి సచ్చిపోనాను."

వకుళ ఫారం మీద నుంచి తలెత్తింది. "ఆ రోజు జరిగిందంతా మీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? నాను ఊళ్ళో నేకపోనానా ఏటి? ఇంట్లోనే కదా ఉన్నాను." ముసలావిడ గొంతు తగ్గించింది. "ఈ నోటితోనే బతికినానమ్మా నాను. ఈ నోటికి బయపడే నాకు మొగుడు పోయినా ఎవుడూ ఇంటి దరికి రానేదు. మా వోడు మంచోడే. ఆడికి ఇల్లు సల్లగుండాల. తప్పు నేదు. కానీ నన్నడగాల కదా. అడిగితే నానే తగ్గుదును. కొంచెం తగ్గుదును."

వకుళ ఇంకేమీ వినలేదు. వచ్చేవారం మాట్లాడదామని సన్యాసమ్మను పంపేసి, ఫారం డ్రాయరులో పడేసి, మధ్యాహ్నమే సెలవు పెట్టి బస్సెక్కింది. మద్దిలపాలెం దగ్గర బస్సు ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగింది. దారంతా ఆమెకు ఒకటే ఆలోచన. ఆయనకూ గుర్తుంది. ఉప్మా గుర్తుంది. భుజం మీద వేసిన చెయ్యి గుర్తుంది. 'అయితే ఏమైందిప్పుడు' అన్న మాట గుర్తుంది. అన్నీ గుర్తుండే, మర్నాడు గుమ్మంలో నిలబడి, ఏం రాశావని అడిగాడు.

జోగారావు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె దీపం కూడా వేయకుండా కూర్చుని ఉంది.

"నలభై ఒకటి గురించి అబద్ధం రాశాను," అంది.

ఆయన చెప్పులు విడిచి, లైటు వేసి, ఎదురుగా కూర్చున్నాడు. "తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వు దిద్దుతావేమో చూద్దామని. పదిరోజులు చూశాను."

వకుళ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయనే అన్నాడు. "నాకు వంట్లో సగం పడిపోయింది గానీ మతి పోలేదు వకుళా. ఆ ఆదివారం నేను ఎంత తేలిగ్గా ఉన్నానో నాకు తెలీదనుకున్నావా? సోమవారం లేవగానే మళ్ళీ గుండె మీద రాయి పెట్టినట్టయింది. నాకూ అనిపించింది, ఇది పోతే పోనీ అని. ఒక్క మాట నువ్వు అడిగి ఉంటే, ఏమో, పోనిద్దునేమో."

"ఇప్పుడడుగుతున్నాను."

"ఇప్పుడు కాదు. ఉంచు."

"నామీద కోపం అంత ముద్దొచ్చిందా?" అంది. అనగానే ఏడుపు వచ్చేసింది. ఆయన ఆపలేదు, దగ్గరకు రాలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చున్నాడు.

"ముద్దూ లేదు, పాడూ లేదు. నడక మీ ప్రయోగశాలవాళ్ళు ఇచ్చారు. మాట మీరిచ్చారు. చెయ్యి మీరిచ్చారు. లోపల ఈ ఒక్కటీ నేను కట్టుకున్నది. ఒకసారి నేను వద్దన్నా నా తరఫున నిర్ణయం చేశావు. రెండోసారీ అదే చేయబోయావు. దాన్ని నువ్వు ఊడ్చేస్తే నేను నిన్ను క్షమించినట్టు కాదు. నేను లేనట్టు, అంతే. పోవాల్సిన రోజొస్తే నేనే పోనిస్తాను. రాకపోతే నాతోపాటే ఉంటుంది. నాతో ఉండేదానివి దానితో కూడా ఉండు."

వకుళ ముక్కు తుడుచుకుని నోటుబుక్కు తెచ్చింది. "పదిహేను వరుసలూ నిండిపోయాయి. ఇది ఉంచాలంటే ఒకటి తీయాలి."

ఆయన నోటుబుక్కు తీసుకుని పదిహేనూ చదివాడు. మెట్లు దిగడం. బొత్తాలు పెట్టుకోవడం. తెలిసిన మొహాలు. వాళ్ళమ్మ గొంతు. వేలు ఒక్కోదాని మీదా ఆగి కిందికి పోతోంది. చివరికి ఇరవై రెండు దగ్గర ఆగింది.

"సొరంగాలు తీసెయ్."

"వద్దండీ. అది మీ ఉద్యోగం. ఇరవై ఏళ్ళు."

"ఆ బండి నేనింక నడపను కదా. రాసుకో."

రాసుకుంది.

ఇంకా ఎనిమిది ముక్కలు చూడాల్సి ఉంది. అవన్నీ చూసేసరికి ఆలస్యం ఇరవై తొమ్మిది నిమిషాలకు చేరింది. ఆ రోజుల్లోనే వకుళ శేషగిరి గదిలోకి వెళ్ళి ఫారం మార్చాలని కూర్చుంది. రోగి సంతకం లేనిదే ఒక్క వరుసా కొట్టేయకూడదు. ఆలస్యమైపోతుందని ఆయన తల పట్టుకున్నాడు. అన్ని ఇళ్ళకూ మళ్ళీ తిరగాలి, ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారు, ఎవరు చేస్తారిదంతా అన్నాడు. తనే చేస్తానంది. "నేను మా ఇంట్లో చేసిన పని చెబితే మీరు నన్ను ఉద్యోగంలో ఉంచరు," అని, చెప్పేసింది కూడా. పాత చుక్కల మీద తాను పెట్టిన సంతకాలు శేషగిరికీ గుర్తున్నట్టున్నాయి. ఫారం చింపి బుట్టలో వేశాడు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు.

సన్యాసమ్మ ఇరవై మూడో ముక్కను ఉంచుకుంది. బదులుగా ఏం వదులుకుందో పోలిరాజుకు చెప్పవద్దంది.

జోగారావుకు కొత్త గుమాస్తాను ఎక్కించిన రాత్రి వకుళ చిట్టాను ఆఖరిసారి సరిచూసింది. నూట పదమూడు వరుసల్లో యజమాని దగ్గర సేతువు భాగాల పేర్లున్నాయి. మిగిలిన పదిహేనింటి దగ్గర 'జోగారావు' అని కొట్టింది. పదిహేనుసార్లూ, కాపీ చేయకుండా, చేత్తోనే.

పొద్దున్న అయిదున్నరకు స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె ఫోన్ మీద వేలు పెట్టేలోపే లేచి కూర్చున్నాడు. కుడిచెయ్యి చూసుకున్నాడు, ముడిచాడు, తెరిచాడు. వకుళ ఆయన మొహంలోకి చూసింది. ఆయనా ఆమె మొహంలోకి చూశాడు. నలిగిన చీర, మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు, కళ్ళ కింద నలుపు. ఆ చూపులో మెత్తదనం ఏమీ లేదు. నిన్న ఎలా చూశాడో ఇవాళా అలాగే చూశాడు. కోపం ఎక్కడిదక్కడే ఉంది.

"రేపటినుంచి పొద్దున్నే ఇక్కడ కాపలా అక్కర్లేదు," అన్నాడు కరుగ్గా. "వెళ్ళి పడుకో."

మంచం దిగి వెళ్ళిపోయాడు. వకుళ స్టూలు మీద నుంచి లేవబోయి, మోకాళ్ళు సహకరించక, ఎదురుగా ఉన్న మంచం మీదే ఒరిగింది. ఆయన పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. వంటింట్లో పాలు పొంగిన చప్పుడు వినిపించింది. చెంచా తిప్పిన చప్పుడు ఒక్క గ్లాసులోనే వినిపించింది. తనకొక్కడికే కాఫీ కలుపుకున్నాడు. కలుపుకుంటూ, ఆమె నిద్రకు అడ్డం రాకుండా వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె తొమ్మిదింటిదాకా లేవలేదు.